అక్క నూతికి ఒక పూట సెలవు

వరసకి అన్నయ్య అయ్యే ఒకాయన, ఒక పెళ్ళి భోజనాల దగ్గర నన్ను చూపించి, "మా తమ్ముడు బొగ్గు గనిలో పెద్ద ఉద్యోగమండి. బొగ్గు తవ్వడు, బొగ్గు మొయ్యడు. చుట్టుపక్కల నూతుల్లోకి తొంగి చూసి వచ్చేత్తాడు. ఆయ్, దానికీ జీతం ఇత్తారండి" అన్నాడు. బంతిలో అందరూ నవ్వారు. కోడికూర వడ్డిస్తున్న కుర్రాడు గరిటె ఆపి మరీ నవ్వాడు. ఆ కుర్రాడికి ఇప్పుడు పెళ్ళీడు పిల్లలున్నారు. ఎక్కడ కనపడినా నాకు నమస్కారం పెడతాడు. నేను తిరిగి పెడతాను గానీ, ఆ గరిటె మాత్రం మరచిపోలేదు.

నా ఉద్యోగం అంత నవ్వులాటదేమీ కాదు. నేల లోపల బొగ్గు తవ్వుతున్నప్పుడు పైనుంచి నీళ్ళు కారుతూనే ఉంటాయి. వాటిని పంపులతో ఎప్పటికప్పుడు బయటికి తోడెయ్యకపోతే గని మునిగిపోతుంది. అలా తోడుతూ పోతే చుట్టుపక్కల ఊళ్ళలో నూతులు దిగిపోతున్నాయా, వాగుల పక్కన ఊటలు ఎండిపోతున్నాయా అన్నది ఎవరో ఒకరు చూస్తూ ఉండాలి. ఆ చూసేవాణ్ణి నేను. స్టీలు టేపు చివర సుద్ద రాసి నూతిలోకి వదిలితే, సుద్ద ఎంతవరకు తడిసిందో చూసి నీటిమట్టం చెప్పవచ్చు. ఊట దగ్గరైతే బక్కెట పెట్టి, అది నిండటానికి ఎంతసేపు పట్టిందో చూసుకోవాలి. వానలకు ముందూ చూడాలి, వానలు వెలిశాకా చూడాలి. నా సర్వీసంతా ఈ పనితోనే గడిచింది. నూతి గట్టు మీద వంగి నిలబడటం వల్ల వచ్చిన నడుంనొప్పి ఒక్కటే ఇప్పటికీ నా వెంట ఉంది.

రిటైరయ్యాక రాజోలు అవతల, సముద్రం వైపు ఉన్న మా ఊరు వచ్చేశాను. మా వీధిలోనే, మా ఇంటికి ఎదురుగా మా అక్క ఇల్లు. అక్క బడిపంతులమ్మగా చేసి రిటైరైంది. బావగారు పోయాక ఒక్కతే ఉంటోంది. వీధిలో అందరూ ఆవిడని టీచరుగారనే అంటారు. ఆ ఇంటి పెరట్లో ఒక నుయ్యి ఉంది. మా వీధి మొత్తానికి తియ్యటి నీళ్ళున్న నుయ్యి అదొక్కటే. తాగడానికి నీళ్ళ టిన్నులు కొనుక్కునే వాళ్ళు కూడా పప్పుకీ, టీకీ బిందె పట్టుకుని అక్క ఇంటికే వస్తారు. మా బోరు నీళ్ళతో కందిపప్పు పొయ్యి మీద పెడితే, పప్పు పప్పుగానే ఉంటుంది, గ్యాసు అయిపోతుంది.

మా వైపు నేల సంగతి తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. బొగ్గు గనుల దగ్గర నుయ్యి దిగిపోతే ఇంకా లోతుకు తవ్వుతారు. ఇక్కడ ఆ పని చేస్తే చేజేతులా చెడగొట్టుకున్నట్టే. సముద్రం దగ్గర కాబట్టి అడుగున ఉప్పునీళ్ళుంటాయి. వాన నీళ్ళు, కాలవ నీళ్ళు ఇంకి వాటి మీద తేలుతుంటాయి, పాల మీద మీగడ లాగ. మీగడ కావాలంటే మెల్లగా పైపైన తీసుకోవాలి. హడావుడిగా లాగితే అడుగున ఉన్నది పైకి వచ్చేస్తుంది.

అక్క ఇంటి వెనక ఒక వరిచేను ఉండేది. గల్ఫులో కొన్నాళ్ళు చేసి వచ్చి రొయ్యల చెరువులు వేస్తున్న ఒకాయన దాన్ని కౌలుకి తీసుకున్నాడు. ఆయనదీ మా వీధే. వీధి చివర డాబా ఇల్లు. ఆయన ఆ చేను చెరువు చెయ్యాలనుకున్నాడు. చెరువంటే ఉప్పునీళ్ళు తెచ్చి నింపడమే. అది నేలలోకి ఇంకితే అక్క నుయ్యి ఏమవుతుందో నేను చెప్పనక్కరలేదు. తాగునీటి నూతికి ఆనుకుని చెరువుకి అనుమతి ఇవ్వరు. ఆ అనుమతులిచ్చే అమలాపురం ఆఫీసులో నేను అర్జీ పెట్టాను. ఆయన నా అర్జీకి జవాబుగా, అది తాగునీటి నుయ్యి కాదనీ, ఎప్పుడో ఉప్పెక్కిపోయిందనీ రాసి ఇచ్చాడు. రాసి ఇచ్చిన రోజు సాయంత్రం మా ఇంటికొచ్చి, "అన్నయ్యగారూ, మీరేం అనుకోకండి. కాగితం మీద అలా రాయాలన్నారండి" అని చెప్పి వెళ్ళాడు. మా వైపు మనిషిని ముంచేటప్పుడు కూడా అండీ అని ముంచుతారు.

ఇక నీళ్ళు పరీక్ష చేసి తేల్చాలి. ఉప్పని తేలితే చెరువు వస్తుంది, మంచివని తేలితే రాదు.

ఆఫీసు వాళ్ళు మొదటిసారి కాలవలకి నీళ్ళు కట్టేసిన వేసవిలో వచ్చారు. పదకొండింటికి వస్తామన్నవాళ్ళు తొమ్మిదింటికే వచ్చారు. ఫోను చెయ్యలేదు. నేను రాజోలులో అర్జీకి జిరాక్సులు తీయించుకుని వచ్చేసరికి జీపు వెనక్కి తిరుగుతోంది. నేను చెయ్యి ఎత్తాను. డ్రైవరు నన్ను చూశాడు, చూసి కూడా ఆపలేదు. బండి నంబరు నాకు ఇప్పటికీ నోటికి వచ్చు.

పెరట్లోకి వెళ్ళి చూస్తే నూతి చుట్టూ గచ్చు పళ్ళెం తళతళలాడుతోంది. పక్కన సిమెంటు గాబు నిండా నీళ్ళు. వాకిలి తడిపి ఉంది. క్రోటన్ మొక్కల ఆకుల చివర్ల నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"ఏం చేశావక్కా?" అన్నాను.

"ఏంట్రా ఆ అడగడం? గవర్నమెంటోళ్ళు వస్తున్నారని పొద్దున్నే మోటారేసి ఇల్లంతా కడిగించేను. కాళ్ళకి గాబు నింపించేను. ఆ వచ్చిన ఆఫీసరమ్మాయి ఎంత మర్యాదస్తురాలనుకున్నావ్! టీచరుగారూ, మీ ఇల్లు అద్దంలా ఉందండి అంది."

"నీళ్ళు ఉప్పు అందా?"

"అంది. అది కూడా మర్యాదగానే అంది."

రొయ్యలాయన గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. "నేనేం అన్లేదండి అన్నయ్యగారూ. నీళ్ళలో పెట్టిన ఉప్పు మీటరే అందండి" అన్నాడు.

కోపం వచ్చింది గానీ ఎవరి మీద పెట్టుకోవాలో తెలియలేదు. పొద్దుట్నించీ మోటారు ఆడించి మీగడంతా లాగేసి, అడుగునున్నది పరీక్షకి ఇచ్చింది మా అక్క. శత్రువు చెయ్యాల్సిన పని మర్యాద చేసిపెట్టింది.

ఇలాంటిది నేను ఒకసారి చూశాను. గని పక్కన అడవిలో ఒక చిన్న ఊరు. ఆ ఊరి వాగు ఒడ్డున ఒక చెలమ, అంటే ఇసకలో గుంట తవ్వితే ఊరే ఊట. నిండి పొర్లి ఒక రాతి సందులోంచి కిందికి పడేది. అక్కడ బక్కెట పెట్టి కొలిచేవాణ్ణి. వెళ్ళిన ప్రతిసారీ ముందటిసారి కంటే తక్కువ పడుతోంది. ఊరి వాళ్ళు గనిని తిట్టేవారు, గని వాళ్ళు వానల్ని తిట్టేవారు. నేను పద్ధతైన మనిషిని కాబట్టి, వచ్చే ముందు రోజు ఊళ్ళో కబురు పెట్టేవాణ్ణి. ఒకరోజు జీపు తొందరగా దొరికి ముందే వెళ్ళాను. ఇద్దరు ఆడవాళ్ళు సొరకాయ బుర్రలతో చెలమలో నీళ్ళు తోడి పక్కన పారబోస్తున్నారు.

"ఏం చేస్తున్నారమ్మా?" అన్నాను.

"నువ్వొస్తున్నవని జెప్పిండ్రు గద సారూ. ఇవి రాత్రి నీళ్ళు, పాచి నీళ్ళు. తోడి పారబోస్తే నీకు కొత్త నీళ్ళొస్తయి" అంది పెద్దావిడ. కొత్త నీళ్ళు రావడం ఆలస్యమవుతుందనీ, నా బక్కెట అందుకే నిండటం లేదనీ చెబితే ఆవిడ నా వైపు జాలిగా చూసింది. "మరి పాచి నీళ్ళు కొలుచుకపోతవా?" అంది.

ఆ తరవాత కబురు పెట్టడం మానేశాను. ఊట తగ్గిన మాట నిజమే గానీ, అప్పటిదాకా మేము అనుకున్నంత తగ్గలేదు. కొలవబోయే ముందు నీళ్ళను కదపకూడదు. ఈ ఒక్క ముక్క అందరికీ తెలిసిందే, కానీ ఇంటికి మనిషి వస్తున్నాడంటే నీళ్ళను కదపకుండా ఉండటం ఎవరి చేతా కాదు.

అమలాపురంలో ఆ ఆఫీసుకి సోమవారం అర్జీల రోజున వెళ్ళాను. గుమాస్తా నన్ను నిలబెట్టి మాట్లాడాడు. పక్కనే ఖాళీ కుర్చీ ఉంది, దాని మీద ఆయన లంచ్ బాక్స్ ఉంది. లంచ్ బాక్స్ కూర్చుంది, నేను నిలబడ్డాను. చివరికి ఆఫీసరమ్మాయి తన గదిలోకి పిలిచి కూర్చోమంది. నేను చెప్పింది విని తల ఊపింది.

"నూతిని తేరుకోనివ్వకుండా శాంపిలు తీయకూడదని మాకూ తెలుసండీ. పొద్దున్న మోటారు వేసేరా అని టీచరుగారిని అడిగేను కూడానండి. ఆవిడ, అవన్నీ తరవాత, ముందు నువ్వు కూర్చోమ్మా, ఎండన పడొచ్చేవు అన్నారండి. తరవాత ఉప్మా పెట్టేరు. ఇంక అడగలేకపోయేనండి."

ఆ అమ్మాయిది తప్పని నేను అనను. మా అక్క ఉప్మా తిన్నాక ఎవరూ ఏమీ అడగలేరు. కాలవలకి నీళ్ళు వదలకముందే మళ్ళీ వస్తామంది. వదిలాక అన్ని నూతుల్లోనూ నీళ్ళు తియ్యగా అయిపోతాయి, అప్పుడు చేసిన పరీక్షకి విలువుండదు. నేను సంతోషంగా లేచాను. లంచ్ బాక్స్ కుర్చీ గురించి వేరే అర్జీ పెట్టాను. దానికి ఇంకా జవాబు రాలేదు.

వాళ్ళు వస్తామన్న ముందు రోజు సాయంత్రం వీధిలో ఇంటింటికీ చెప్పాను. కావలసిన నీళ్ళు ఇప్పుడే పట్టుకోండి, రేపు వాళ్ళు వచ్చేదాకా నూతిలో చేద పడకూడదు అని. తరవాత అక్క ఇంటికెళ్ళి మోటారు ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాను.

"స్నానం ఎలారా?" అంది అక్క.

"మా ఇంట్లో చెయ్యి."

"మీ బోరు నీళ్ళకి సబ్బు నురగే రాదు. సున్నం పూసుకున్నట్టుంటుంది."

"ఒక్క పూటేగా!"

"సర్లే. వాళ్ళ కాళ్ళకి నీళ్ళు?"

"ఇవ్వకు."

"తాగడానికి?"

"అవీ ఇవ్వకు."

"ఇంటికొచ్చిన ఆడపిల్లకి గ్లాసుడు నీళ్ళివ్వకుండా గుమ్మంలో నిలబెట్టమంటావు. నలభయ్యేళ్ళు పిల్లలకి మర్యాద నేర్పేను రా నేను. నువ్వు ఆ గనుల్లో ఉండి ఉండి మొద్దయిపోయేవు" అంది. ఆ మాట కూడా నాకు గుర్తుంది. ఆ సాయంత్రం చేపల పులుసు వండి మా ఇంటికి పంపలేదు. వాసన మాత్రం పంపింది.

మర్నాడు వాళ్ళు చెప్పిన టైముకే వచ్చారు. వీధిలో ఆడవాళ్ళంతా ఖాళీ బిందెలు చంకన పెట్టుకుని ప్రహరీ వెంట నిలబడ్డారు. ఆఫీసరమ్మాయి చెప్పులు గుమ్మం ముందు విప్పింది. కాళ్ళకి దుమ్ము. అక్క ఆ కాళ్ళ వైపు చూసి, ఖాళీ గాబు వైపు చూసి, నా వైపు చూసింది. చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది. నాకే పాపం అనిపించింది. ఇంతలో ఆవిడకి ఏదో తట్టింది. పెరట్లో కొబ్బరి దింపు చేస్తున్న మనిషిని కేకేసి బొండాలు కొట్టించింది.

"ఒరేయ్, ఇవి నూతిలోవి కాదు కదా? వీటికి కూడా సెలవేనా?" అంది నాతో, అందరికీ వినపడేలా.

వీధి వీధంతా నవ్వింది. ఈ నవ్వు నేను లెక్కలో వేసుకోలేదు.

శాంపిలు తీశారు. మీటరు పెట్టారు. ఆ అమ్మాయి ముఖం విప్పారింది. "మంచి నీళ్ళేనండీ" అంది. బిందెలతో ఉన్నవాళ్ళు ఒక్కసారి కదిలారు. రొయ్యలాయన మాత్రం చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు.

"మేడమ్ గారూ, చిన్న మనవండి. రాత్రంతా పస్తు పెట్టి పొద్దున్న చూత్తే షుగరు ఎవరికైనా తక్కువే ఉంటాదండి. డాక్టరుగారు తిన్నాక కూడా చూత్తారు కదండీ. ఈళ్ళు రోజూ నూతికి సెలవిచ్చి నీళ్ళు తాగుతారేంటండి?"

నాకు ఒళ్ళు మండింది, ఎందుకంటే ఆయన అడిగింది న్యాయం. బొగ్గు గని తరఫున నేనే కూర్చుని ఉంటే నేనూ అదే అడిగేవాణ్ణి.

"కరెక్టేనండి. తిన్నాకా చూద్దాం" అంది ఆఫీసరమ్మాయి.

ముందు వీధివాళ్ళని రోజూ లాగే తోడుకోమంది. గిలక కిర్రుకిర్రుమంటూ మొదలైంది. ఒకరి తరవాత ఒకరు బిందెలు నింపుకుని పోతున్నారు. "టీచరుగారూ, మా నీళ్ళు చాలండీ, పరీక్ష పాడవుద్దేమో" అని ఒకావిడ సగం బిందెతో ఆగింది. "నువ్వు రోజూ ఎంత తోడతావో అంతే తోడవే. దేవుడు చూస్తున్నాడు" అంది అక్క. అందరూ తోడుకున్నాక మళ్ళీ మీటరు పెడితే దాదాపు అలాగే ఉంది.

తరవాత నా జేబులోంచి ఫ్యూజు తీసి ఇచ్చాను. మోటారు వేశారు. నీళ్ళు ధారగా గాబులో పడ్డాయి. ఆఫీసరమ్మాయి గాబు గట్టు మీద కూర్చుని బొండం తాగుతూ వేచి ఉంది. గాబు నిండి పొర్లాక చూస్తే ఉప్పు పెరిగింది. ఇంకాసేపు ఆడిస్తే ఇంకా పెరిగింది. రొయ్యలాయన గొంతు సవరించుకున్నాడు.

"నుయ్యి మంచిదేనండి టీచరుగారూ. దీనికి మోటారే పడటం లేదు. చేదతో తోడుకుంటే మంచినీళ్ళు, మోటారు వేస్తే ఉప్పునీళ్ళు. రెండూ నేను రాయాలి. మోటారు ఉన్నంతకాలం ఇది తాగునీటి నుయ్యి అని గట్టిగా రాయలేనండి" అంది ఆ అమ్మాయి.

ఆ మోటారు బావగారు పెట్టించింది. అక్కకి మోకాళ్ళ నొప్పులు. చేద లాగలేక ఏడుస్తుంటే, ఆయన వెళ్ళి తెచ్చి బిగించారు. నేను ఆఫీసరమ్మాయితో వాదించడానికి సిద్ధమయ్యాను. రోజుకి కాసేపు వేసుకుంటే ఏమవుతుందీ, చిన్న మోటారు పెడితే ఏమవుతుందీ అని అడగబోయాను. అక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"తీయించేస్తానమ్మా. ఈవేళే. నువ్వు ఉండగానే తీయించేస్తాను, చూసి రాసుకో" అంది.

"అక్కా, నీ మోకాళ్ళు..." అన్నాను.

"మోకాళ్ళు నావి రా. నీళ్ళు వీధివి" అంది. కొబ్బరి దింపే మనిషికి రెంచీ పట్టడం వచ్చు. అతనే పైపు ఊడదీసి మోటారు పైకి తీశాడు. ఆఫీసరమ్మాయి ఫోటో తీసుకుంది.

చెరువుకి అనుమతి రాలేదు. ఆ చేనులో ఇప్పుడు మళ్ళీ వరి ఉంది. రొయ్యలాయన వేరే చోట, ఇళ్ళకి దూరంగా చెరువు తీసుకున్నాడు. కనపడితే, "అన్నయ్యగారూ, అంతా మన మంచికేనండి" అంటాడు. కాగితం మీద ఆయన రాసిందానికి నేను జవాబు చెప్పాల్సింది ఇంకా ఉంది. తొందరేమీ లేదు.

అక్కకి చేద పట్టే పని లేకుండా పోయింది. ఎవరూ అనుకుని చేసింది కాదు. మోటారు తీసిన మర్నాడు మొదట వచ్చినావిడ, ముందు టీచరుగారి బిందె నింపి తరవాత తన బిందె నింపుకుంది. వెనకొచ్చినావిడ అది చూసి బక్కెట నింపింది. మూడో ఆవిడ గాబులో రెండు చేదలు పోసింది. అదే అలవాటైపోయింది. పొద్దున్నే గిలక చప్పుడు మొదలయ్యాక నేను మా అరుగు మీద కాఫీ గ్లాసుతో కూర్చుంటాను. గిలకకి నూనె వెయ్యమని వీధిలో ముగ్గురికి చెప్పాను, ముగ్గురూ ఆయ్ అన్నారు, ఎవరూ వెయ్యలేదు. అయినా ఆ చప్పుడు వింటూ కూర్చోవడం బాగానే ఉంటుంది. నా సర్వీసంతా తిరిగినా ఒక నుయ్యి ఇలా రోజూ కళ్ళెదుట ఉండే అవకాశం నాకు రాలేదు.

ఈమధ్య ఒకరోజు వరసలో ఒక కొత్త బిందె కనిపించింది. పట్టుకున్నది రొయ్యలాయన భార్య. నేను వీధి దాటి ప్రహరీ దగ్గరికి వెళ్ళాను.

"ఏవమ్మా, ఈ నీళ్ళు ఉప్పని మీ ఆయన రాసిచ్చాడు కదా?" అన్నాను.

"ఆయ్, రాసేరండి" అంది ఆవిడ, తల దించుకోకుండా. "ఇయ్యి ఆయన టీకేనండి అన్నయ్యగారూ. ఇంకే నీళ్ళతో పెట్టినా తాగట్లేదండి."

లోపలి నుంచి అక్క గొంతు వినిపించింది. "ఒరేయ్ తమ్ముడూ, నీళ్ళకొచ్చిన మనిషిని దారిలో నిలబెట్టి ఏంట్రా ఆ విచారణ? తప్పుకో."

తప్పుకున్నాను. ఆవిడ లోపలికి వెళ్ళి ముందు అక్క బిందె నింపింది, తరవాత గాబులో రెండు చేదలు పోసింది, ఆఖరున తన బిందె నింపుకుంది. వెళ్తూ వెళ్తూ నాకు, "వస్తానండి" అని చెప్పింది. నిండు బిందె చంకన ఉంది కదా అని గేటు నేనే తీసి పట్టుకున్నాను.